అదే చక్రం, మళ్లీ పంచరు

శ్రీకాకుళం జిల్లా మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల దారుల్లో సైకిలు తొక్కేవాళ్లకు పంచరు కొత్తేమీ కాదు. సోమవారం అతుకు వేయించిన చక్రం బుధవారానికల్లా మళ్లీ చతికిలబడటమే విసిగిస్తుంది. నింద ట్యూబు మీదకో, పంచరు వేసినవాడి మీదకో పోతుంది. చాలాసార్లు తప్పు ఇద్దరిదీ కాదు. గుచ్చుకున్నది ఇంకా టైరులోనే ఉంటుంది.

అందుకే టైరు విప్పేముందే వాల్వు ఉన్నచోట టైరు మీద సుద్దతో గీత పెట్టుకోవాలి. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోటు వాల్వుకు ఎన్ని జానల దూరమో కొలిచి, టైరులోనూ అంతే దూరంలో రెండు వైపులా వెతకాలి. పల్లేరుకాయో తుమ్మముల్లో అయితే వెంటనే కనబడుతుంది.

కష్టమంతా ఉక్కుతీగతోనే. టెక్కలి, పలాసల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి వెళ్తుంది. లారీల రేడియల్ టైర్లలో సన్నని ఉక్కుతీగల అల్లిక ఉంటుంది. ఆ టైర్లు పేలినప్పుడు రాలిన తీగ తునకలు రోడ్డు అంచున, సరిగ్గా సైకిళ్లు పోయే చోటే చేరతాయి. వెంట్రుకంత తీగ టైరులోకి దిగిందంటే పైకి ఆనవాలే ఉండదు. బరువు పడ్డప్పుడల్లా ట్యూబును పొడుస్తూనే ఉంటుంది. వేలితో తడిమితే వేలు తెగుతుంది. టైరు లోపలంతా దూదితో మెల్లగా రాస్తే, పోగు చిక్కుకున్న చోట తీగ ఉన్నట్టు. పట్టకారుతో లాగేయాలి.

చిల్లు ట్యూబు లోపలి అంచున పడితే రోడ్డుకు దాంతో సంబంధం లేదు. రిమ్ములోనే తేడా ఉంది. నౌపడ ఉప్పుమడుల దగ్గరా, భావనపాడు తీరంలోనూ ఉప్పుగాలికి రిమ్ము తుప్పు పడుతుంది, దాని మీది పట్టీ చివికిపోతుంది, స్పోకు మొన ట్యూబుకు తగులుతుంది. మొనను ఆకురాయితో అరగదీసి, పాత ట్యూబు కోసి పట్టీగా చుట్టినా చాలు.

పక్కపక్కనే రెండు చిల్లులుంటే అది గాలి తక్కువైన చక్రం. కొబ్బరికాయల బస్తా వేసుకుని గుంతలో దిగగానే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగిపోతుంది.

అసలు చిల్లే దొరకకపోతే? వాల్వును అనుమానించాలి. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల బండికి గాలి టైర్లు అమర్చాడు. ఆయన పేరుతోనే చెలామణి అయ్యే వాల్వు మన పాత సైకిళ్లలో ఇప్పటికీ ఉంది. దాని సన్నని రబ్బరు గొట్టం ఎండకు పగిలితే రాత్రికి రాత్రే గాలి దిగిపోతుంది. వాల్వు మీద సబ్బునీటి చుక్క వేస్తే ఇట్టే తెలుస్తుంది.

బడికొస్తా పథకంలో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. చక్రం పడుకుంటే ఆ పూట బడి పోయినట్టే. ప్రతి హైస్కూల్లో ఒక పంపు, సొల్యూషను, టైరు విప్పే పుల్లలు ఉంచి, డ్రిల్లు పీరియడ్‌లో ఈ పని నేర్పించడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు.