ఖరగ్‌పూర్ నుంచి విదేశీ చదువుకు: అనుమతి, పని, అప్పు

విదేశంలో సీటు వచ్చిన విద్యార్థికి ఆ దేశం ఇచ్చేది చదువుకోవడానికి అనుమతి. పని చేసుకునే వీలు ఆ అనుమతిని అంటిపెట్టుకునే వస్తుంది తప్ప విడిగా రాదు. వారానికి ఎన్ని గంటలు పనిచేయవచ్చు, ఎక్కడ చేయవచ్చు, డిగ్రీ చేతికొచ్చాక ఎన్నాళ్లు ఉండవచ్చు అన్నవన్నీ ముందే రాసి ఉంటాయి. కోర్సు మానేస్తే చదువుతోపాటు పనీ పోతుంది. నెల జీతం మీద, పింఛను మీద నడిచే ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లకు ఈ సంగతి అప్పు సంతకానికి ముందే తెలియాలి. అక్కడి పార్ట్‌టైమ్ సంపాదనతోనే ఫీజులు గట్టెక్కుతాయన్న ధీమాతో పిల్లల్ని పంపితే, ఆ లెక్క మొదటి సెమిస్టర్‌లోనే తప్పుతుంది.

పని వెతుక్కుంటూ ఊరు విడవడం ఖరగ్‌పూర్ తెలుగువారికి కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే రోజుల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ వర్క్‌షాపు పెట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెల నుంచి జనం రైలెక్కి వచ్చి ఖలాసీలుగా, ఫిట్టర్లుగా చేరారు. నిమ్‌పురా, మథురకాటి వంటి రైల్వే బస్తీల్లో వాళ్ల మూడో తరం, నాలుగో తరం ఇప్పుడు ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, హిందీ మాట్లాడుతూ పెరుగుతోంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ప్రధాన కారణం ఈ ఊరి తెలుగువారే. అదే ఊరి అంచున, బ్రిటిష్ కాలపు హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. విదేశాలకు దారి చూపించే సంస్థ గుమ్మం ముందే ఉన్నా, వర్క్‌షాపు కార్మికుల పిల్లల్లో ఎక్కువమంది చదివేది చుట్టుపక్కల కాలేజీల్లోనే. విదేశీ చదువు విషయంలో వాళ్లకు దారి చెప్పేవారు తక్కువ.

ఈ ఊరి చరిత్రలో పెద్ద పేరున్న ఒక తెలుగు నాయకుడు తానూ విదేశీ విద్యార్థిగా బతికినవారే. వరాహగిరి వెంకటగిరి 1894లో బరంపురంలో పుట్టారు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్ వెళ్లి డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోనూ, బారిస్టర్లను తయారుచేసే కింగ్స్ ఇన్స్‌లోనూ చేరారు. అక్కడ ఆయనకు ఇంగ్లిషు పాఠాలు చెప్పినవారిలో కవి థామస్ మెక్‌డొనా ఒకరు. 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకరైన మెక్‌డొనాను ఆ మే నెలలోనే బ్రిటిష్ ప్రభుత్వం కాల్చి చంపింది. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న బాధల మీద డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు ఓ కరపత్రం తెచ్చారు. దాని మీద అప్పటికే నిఘా విభాగం కన్ను పడింది. తిరుగుబాటు తరవాత వాళ్ల గదుల్లో పోలీసులు సోదాలు చేశారు. నెల రోజుల్లో ఐర్లండ్ విడిచి వెళ్లాలని జూన్ 1న గిరికి నోటీసు అందింది. ఆ నెల 21న ఆయన బారిస్టర్ పట్టా అందుకున్నారు. దానితోపాటు మొదలుపెట్టిన బీఏ మాత్రం పూర్తికాలేదు.

డబ్లిన్ గిరికి న్యాయశాస్త్రంతోపాటు కార్మిక ఉద్యమాన్నీ చూపించింది. స్వదేశం చేరాక ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టడంలో ముందు నిలిచారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో సమ్మె, దాని వెనకే లాకౌట్ జరిగినప్పుడు ఆ కార్మికుల సంఘం నాయకత్వంలో ఉన్నారు. అదే ఏడు జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల తరఫున వెళ్లారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. విదేశీ విద్యార్థి ఎంత బాగా చదివినా, ఉండనిచ్చేదీ పొమ్మనేదీ ఆ దేశ ప్రభుత్వమేనన్నది 1916లో ఎంత నిజమో ఇప్పుడూ అంతే నిజం. 2025 వసంతకాలంలో అమెరికా వేలమంది విదేశీ విద్యార్థుల వీసా హోదా రికార్డులను ఉన్నట్టుండి రద్దు చేసింది. కోర్టు కేసులు పడ్డాక ఏప్రిల్ చివరలో వాటిని పునరుద్ధరించారు.

అమెరికా నియమాలే ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే 2023–24లో అక్కడ చదివే విదేశీయుల్లో చైనాను దాటి భారతీయులే మొదటి స్థానంలోకి వచ్చారు. వాళ్ల సంఖ్య 3,31,602. ఎఫ్‌-1 వీసా మీద వెళ్లినవారు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయాలి. సెలవుల్లో పూర్తికాలం చేయవచ్చు. లైబ్రరీ, భోజనశాల, ప్రొఫెసర్ ల్యాబ్ ఈ కోవలోకి వస్తాయి. ఊళ్లోని పెట్రోలు బంకులో, దుకాణంలో చేతికి నగదు తీసుకుని చేసే పని చట్టవిరుద్ధం. పట్టుబడితే వీసా హోదా పోతుంది. గంటకు 12 డాలర్లు ఇచ్చారనుకున్నా 20 గంటలకు వారానికి వచ్చేది 240 డాలర్లు. అద్దె, తిండి గడవడానికి అది ఆసరా అవుతుంది. ఏడాది ఫీజు చాలాచోట్ల ఇరవై వేల డాలర్లు దాటుతుంది కాబట్టి అందులోంచి ఫీజుకు మిగిలేది ఏమీ ఉండదు.

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో బోస్టన్ చేరినప్పుడు రాత్రిళ్లు ఆసుపత్రిలో చిన్న పనులు చేసి హార్వర్డ్ చదువు నెగ్గుకొచ్చారు. ఆ కథ తెలుగు ఇళ్లలో గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. ఆయన ప్రయాణానికి కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి, మామగారు డబ్బిచ్చారన్నదీ దానితో కలిపే చెప్పాలి.

ఖర్చులో తేడా వచ్చేది కోర్సును బట్టి. సొంత డబ్బుతో చేరే ఎంఎస్‌కు ఫీజంతా ఇంటి నుంచే పోవాలి. ఇంజినీరింగ్, సైన్సుల్లో పీహెచ్‌డీకి ఎంపికైనవారికి చాలా వర్సిటీలు ఫీజు మాఫీ చేసి, బోధనలోనో పరిశోధనలోనో సాయం చేసినందుకు నెలనెలా భత్యం ఇస్తాయి. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివినవారిలో ఎందరో ఈ దారిన వెళ్లారు. చదువు అవగానే వెళ్లి తీరాలన్న నియమమూ లేదు. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు ఖరగ్‌పూర్ ఐఐటీలో భౌతికశాస్త్రం చదివి, ఐఏఎస్‌లో చేరాక, ఉద్యోగం మధ్యలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో అర్థశాస్త్రం ఎంఎస్ చేశారు. తరవాత 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నారు.

డిగ్రీ అయ్యాక అమెరికాలో ఓపీటీ (ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్) కింద 12 నెలలు చదువుకు సంబంధించిన ఉద్యోగం చేయవచ్చు. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవారికి మరో 24 నెలల పొడిగింపు ఉంది. మొదటి ఏడాదిలో 90 రోజులకు మించి ఖాళీగా ఉంటే ఆ అవకాశం పోతుంది. ఆ తరవాతి మెట్టు హెచ్‌-1బీ వీసా. ఏడాదికి 65,000, అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20,000 మాత్రమే ఇస్తారు. దరఖాస్తులు ఎక్కువ కాబట్టి ఎంపికకు లాటరీ తప్పదు. 2025 సెప్టెంబరులో దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అందుకే అప్పు తీర్చే లెక్క హెచ్‌-1బీ మీద వేసుకోకూడదు.

మిగతా దేశాల్లో విద్యార్థుల పని గంటల కొలతలు వేరు. బ్రిటన్‌లో వారానికి 20 గంటలు, కెనడాలో 2024 నవంబరు నుంచి 24, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు కలిపి 48. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయవచ్చు, ప్రభుత్వ వర్సిటీల్లో చాలావరకు ఫీజు ఉండదు. కానీ ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందే బ్యాంకులో బ్లాక్ చేసి చూపించాలి. గిరి చదివిన ఐర్లండ్‌లో ఇప్పుడు మామూలు రోజుల్లో 20 గంటలు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 40 గంటలు పనికి అనుమతి ఉంది. పీజీ చేసినవారు ఆ తరవాత రెండేళ్ల వరకు ఉండి ఉద్యోగం చూసుకోవచ్చు. ఈ అంకెలు ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారతాయి. దరఖాస్తు పెట్టే నెలలో ఆ దేశపు అధికారిక సమాచారం చూసుకోవాలే గాని కన్సల్టెన్సీవారి మాట మీద ఆగకూడదు.

డబ్బు దగ్గర ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. బ్యాంకులు మామూలుగా 7.5 లక్షల దాకా ఆస్తి హామీ లేకుండా విద్యారుణం ఇస్తాయి. ఆ పైన ఇల్లో స్థలమో తాకట్టు పెట్టాలి. ఉంటున్నది రైల్వే క్వార్టర్, కాబట్టి తాకట్టుకు పనికిరాదు. సొంతూళ్లో ఉన్న పొలం అన్నదమ్ముల ఉమ్మడిలో ఉంటుంది. పంపకాలు అయినా వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు హామీగా తీసుకోవు. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాల విదేశీ విద్యా పథకాలు ఆ రాష్ట్రాల నివాసులకే. పుట్టి పెరిగింది బెంగాల్‌లో గనుక వీళ్లకు అవి అందవు.

కానీ బెంగాల్ ప్రభుత్వ పథకం వీళ్లకు వర్తిస్తుంది, ఈ సంగతి తెలియనివారు ఎందరో. 2021 జూన్ 30న మొదలైన స్టూడెంట్ క్రెడిట్ కార్డు కింద రాష్ట్రంలో పదేళ్లుగా ఉంటున్న, నలభై ఏళ్లు దాటని విద్యార్థికి 10 లక్షల వరకు రుణం వస్తుంది. వడ్డీ ఏడాదికి 4 శాతం, అదీ సరళ వడ్డీ. తీర్చడానికి 15 ఏళ్ల గడువు. దేశంలో చదువుకైనా విదేశీ చదువుకైనా వాడుకోవచ్చు, తాకట్టు అక్కర్లేదు. మాతృభాష తెలుగు కావడం దీనికి అడ్డు కాదు. రైల్వే ఉద్యోగి పాత పింఛను పద్ధతిలో ఉంటే పీఎఫ్ నుంచి పిల్లల పైచదువుకు డబ్బు తీసుకోవచ్చు. 2004 నుంచి చేరి కొత్త పింఛను పద్ధతి ఎన్‌పీఎస్‌లో ఉన్నవారు తమ వాటాలో పావు వంతు దాకా తీయవచ్చు. పింఛను డబ్బు మొత్తం ఒక్క బిడ్డ మొదటి ఏడాది ఫీజులో పోసేయడం మాత్రం ప్రమాదం. రెండో ఏడాది ఫీజు నాటికి ఇంట్లో ఏమీ మిగలదు.

కాగితాల్లో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, పేరు వెనక. బెంగాల్ బడి రిజిస్టరులో ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలి, పేరు చివరి ‘రావు’ ఇంటిపేరు గడిలోకి చేరుతుంది. తండ్రి సర్వీసు రికార్డులో మరో స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకొకటి ఉంటాయి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే అమెరికా వీసా మీద అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అన్న మూడు అక్షరాలు వస్తాయి. అక్కడ బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా అదే వెంటాడుతుంది. జీఆర్ఈ, టోఫెల్‌కు పేరు నమోదు చేసేముందే పాస్‌పోర్టును, మార్కుల పత్రాలను ఒకే వరసలోకి తెచ్చుకోవాలి. చిరునామా కూడా చూసుకోవాలి. తండ్రి రిటైరై క్వార్టర్ ఖాళీ చేస్తే పోలీసు విచారణ పాత గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఎంచుకునే సంస్థ విషయంలో రెండు ఘటనలు గుర్తుంచుకోవాలి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసాల కోసమే నడుస్తోందని తేలి మూతపడింది. చిక్కుకున్న విద్యార్థుల్లో చాలామంది తెలుగువారు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తొడిగారు. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీని అమెరికా అధికారులే ఎరగా నడిపారు. తరగతులే లేకుండా పని అనుమతి కోసం చేరినవారిని పట్టుకున్నారు, వాళ్లలోనూ తెలుగు పిల్లలే ఎక్కువ. తరగతికి రానక్కర్లేదు, మొదటి రోజు నుంచే పూర్తికాలం పని చేసుకోవచ్చు అని చెప్పే చోట చదువు లేదని అర్థం చేసుకోవాలి.

తిరిగొచ్చేవారికి కూడా ఒక కాగితం పని ఉంటుంది. ప్రైవేటు కంపెనీలు విదేశీ డిగ్రీని అలాగే తీసుకుంటాయి. రైల్వే నియామకాలకో, విశ్వవిద్యాలయ ఉద్యోగానికో, ఇక్కడి పీహెచ్‌డీకో ఆ డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమన్న ధ్రువపత్రం కావాలి. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం చాలాకాలంగా ఆ పని చూస్తోంది; 2025లో యూజీసీ దీనికి కొత్త నియమాలు తెచ్చింది. వైద్యం, న్యాయం, నర్సింగ్ లాంటి వాటికి ఆయా కౌన్సిళ్ల నిబంధనలే వర్తిస్తాయి, కాబట్టి అలాంటి కోర్సుల్లో చేరేముందే ఆ కౌన్సిల్‌ను అడిగి తెలుసుకోవాలి.