రాయితీ పగటికి... మరి రాత్రికి?

డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటే ప్రభుత్వం డబ్బిస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడూ అంతకు మించితే 78 వేల రూపాయల రాయితీ. కోటి ఇళ్లు లక్ష్యంగా పెట్టుకున్న ఈ పథకానికి అనుకున్న ఖర్చు 75,021 కోట్లు! మరి ఇంత ఖర్చు పెడుతూ బొగ్గు కేంద్రాలను ఇంకా ఎందుకు నడుపుతున్నట్టు?

చిక్కంతా సాయంత్రంతోనే. పొద్దు వాలేసరికి ప్యానెళ్ల పని అయిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇంటింటా లైట్లు, ఏసీలు, టీవీలు మొదలవుతాయి. అప్పుడు ఆదుకోవాల్సింది బొగ్గే. కానీ బాయిలర్ గ్యాస్‌స్టవ్‌లాంటిది కాదు... చల్లారితే మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం అవసరం లేకున్నా సెగ తగ్గించి నడుపుతూనే ఉంటారు. కరెంటు తీసుకోకపోయినా సరే, ఒప్పందం ప్రకారం స్థిరఛార్జీ కట్టాల్సిందే. రాయితీ మన పన్నుల్లోంచి, ఈ ఛార్జీ మన కరెంటు బిల్లులోంచి!

అలాగని బొగ్గు కేంద్రాలేం శాశ్వతం కాదు. రామగుండంలో 1971 నుంచి పనిచేసిన 62.5 మెగావాట్ల యూనిట్ 2024లో మూతపడింది. పాల్వంచలో పాత కేటీపీఎస్ కూలింగ్ టవర్లను అదే ఏడాది ఆగస్టులో కూల్చేశారు.

అసలు కిటుకు పగటి కరెంటును రాత్రికి దాచుకోవడంలో ఉంది. శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ కేంద్రాల్లో నీటిని తిరిగి పైకి తోడే టర్బైన్లున్నాయి. మిగులు కరెంటుతో తోడిన నీటిని, అవసరమైనప్పుడు వదిలితే మళ్లీ కరెంటే! పెద్ద బ్యాటరీలకూ 2023లో కేంద్రం ఆర్థికసాయం ప్రకటించింది. ఈ నిల్వ పెరిగినకొద్దీ బొగ్గు అవసరం తగ్గుతుంది. ప్యానెళ్లకిచ్చే రాయితీకి అప్పుడే పూర్తి ఫలితం.