రెండు సిరంజిలు, ఒక స్ప్రింగు.. చిట్టి బండికి యాక్సిలరేటర్

సైన్సు ఫెయిర్లలో సిరంజిలతో చేసిన బొమ్మ జేసీబీలను మీరు చూసే ఉంటారు. ఒక సిరంజి నొక్కితే అట్ట తొట్టి పైకి లేస్తుంది. పాత ఇంజను బిగించి సొంతంగా తయారు చేసుకునే చిట్టి బండికి ఇదే సూత్రంతో యాక్సిలరేటర్ కూడా చేయవచ్చు. అయితే ఒక తేడా ఉంది. తొట్టి లేవకపోతే చూసినవాళ్లు నవ్వి ఊరుకుంటారు. యాక్సిలరేటర్ నొక్కినచోటే ఉండిపోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పాదం తీయగానే బండి నెమ్మదించేలా చేయడమే ఇక్కడ అసలు పని.

నీళ్లే ఎందుకు?

చిన్న పెట్రోలు ఇంజను కార్బురేటరులో గాలి వెళ్లే దారికి అడ్డంగా పలుచని బిళ్ల ఉంటుంది. అదే థ్రాటిల్. అది ఎంత తెరుచుకుంటే ఇంజనుకు అంత ఎక్కువ గాలి, పెట్రోలు అందుతాయి. దాన్ని తెరవడానికి సాధారణంగా కేబుల్ వాడతారు. ఇంజను వెనక, పెడల్ ముందు ఉన్న బండిలో కేబుల్ మలుపుల దగ్గర ఒరుసుకుంటుంది. పోగులు తెగితే ఇరుక్కుంటుంది. నీళ్లు నింపిన గొట్టం నలగకుండా ఎన్ని వంపులు తిరిగినా పనిచేస్తుంది.

మూసి ఉన్న ద్రవంపై ఒకచోట పెంచిన పీడనం అన్ని వైపులకూ సమానంగా అందుతుందని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. మన పాఠంలో ఇది 'పీడనం'. బళ్లారి, హోసూరు, బరంపురం.. ఏ ఊరి షెడ్డులో అడిగినా మెకానిక్ 'ప్రెషర్' అంటాడు. మాట వేరైనా సంగతి ఒకటే.

స్కేలుతో లెక్క

5 మి.లీ., 10 మి.లీ. కొత్త సిరంజిలు, వాటి మూతికి బిగుతుగా పట్టే అక్వేరియం గొట్టం చాలు. వాడి పారేసిన సిరంజిలను ముట్టుకోవద్దు. సూదులు అవసరం లేదు.

ఉదాహరణకు చిన్న సిరంజిలో 5 మి.లీ. గీతల పొడవు 4 సెం.మీ. ఉందనుకోండి. 5ను 4తో భాగిస్తే వైశాల్యం 1.25 చదరపు సెం.మీ. పెద్దదానిలో 10 మి.లీ.కి 5 సెం.మీ. ఉంటే వైశాల్యం 2 చదరపు సెం.మీ. చిన్నదాన్ని 4 సెం.మీ. నొక్కితే పెద్దది 2.5 సెం.మీ. మాత్రమే కదులుతుంది. బలం మాత్రం, రాపిడిని లెక్కలోకి తీసుకోకపోతే, 1.6 రెట్లవుతుంది. థ్రాటిల్ లివరు ఎంత దూరం కదలాలో ముందే కొలిచి సిరంజిలను ఎంచుకోండి.

గాలి తీయాలి

బకెట్ నీళ్లలో ముంచి సిరంజిలను, గొట్టాన్ని నింపండి. బుడగ మిగిలితే నొక్కినప్పుడు గాలే కుదించుకుపోతుంది, లివరు కదలదు. నూనె వాడితే సిరంజి రబ్బరు ఉబ్బి బిగుసుకునే ప్రమాదం ఉంది. గొట్టాన్ని సైలెన్సరుకు దూరంగా నడిపించి, అతుకుల దగ్గర క్లిప్పులు వేయండి. పెడల్ నొక్కి నిమిషంపాటు పట్టుకోండి. లివరు వెనక్కి జారితే ఎక్కడో కారుతున్నట్టే.

స్ప్రింగుదే పెత్తనం

లివరును మూసేవైపు లాగేలా స్ప్రింగు బిగించాలి. సిరంజి తెరవడానికే, మూసే పని స్ప్రింగుదే. అప్పుడు గొట్టం ఊడినా నీళ్లు కారిపోయి థ్రాటిల్ మూసుకుంటుంది. కానీ సిరంజి లోపలి నునుపు పోతే పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి దాన్ని కూడా వెనక్కి నెట్టగలిగేంత గట్టి స్ప్రింగు కావాలి. పిస్టన్ కాస్త బిగిసినా సిరంజి మార్చేయండి. డ్రైవరు చేతికి అందేచోట ఇంజను ఆపే స్విచ్చి, విడిగా మంచి బ్రేకు తప్పనిసరి.

ముందు ఇవన్నీ చెక్క నమూనాపై పరీక్షించండి. ఇంజను స్టార్టు చేయడం పెద్దల సమక్షంలో, ఖాళీ ఆవరణలోనే జరగాలి. రిజిస్ట్రేషను లేని బండిని రోడ్డెక్కించడానికి చట్టం ఒప్పుకోదు.

నమూనాను సైన్సు ఫెయిర్‌లో పెడితే గొట్టంలో రంగునీళ్లు నింపండి. పెడల్ నొక్కి లివరు తెరిచాక, అందరి ముందూ గొట్టం ఊడదీయండి. లివరు టక్కున మూసుకుందా? అయితే మీ యాక్సిలరేటర్ పాసయినట్టే.