రెక్కల చదువుకు ఏ వీసా?

అమెరికా స్టూడెంట్ వీసా అనగానే మన ఇళ్లలో అందరి నోటా వచ్చే మాట ఎఫ్-1. పైలట్ శిక్షణ కోసమే వెళ్లే పిల్లల్లో చాలామంది పాస్‌పోర్టు మీద మాత్రం ఎమ్-1 పడుతుంది. డిగ్రీతో సంబంధం లేని వృత్తి శిక్షణకు ఇచ్చే వీసా ఇది. యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ చదువుతూ అదే సెస్నా విమానం నడిపే కుర్రాడిది ఎఫ్-1. చేతికొచ్చే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ లైసెన్సు ఇద్దరికీ ఒకటే.

ఆ ఒక్క అక్షరం తేడా ఎంత దూరం పోతుందో చూడండి. ఎమ్-1 మీద చదువుతున్నంత కాలం ఉద్యోగం చేయకూడదు, క్యాంపస్‌లో కూడా. కోర్సు అయ్యాక ప్రాక్టికల్ ట్రైనింగ్‌కు నాలుగు నెలల చదువుకు ఒక నెల లెక్క, అదీ 6 నెలలకు మించదు. ఎఫ్-1 వాళ్లకు ఓపీటీ పేరుతో ఉండే ఇదే ట్రైనింగ్ 12 నెలలు. ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తూ ఫ్లయింగ్ గంటలు పెంచుకుందామని లెక్కలేసుకున్న పిల్లలు సగం దారిలో ఆగిపోయేది ఇక్కడే. పోనీ అక్కడికి వెళ్లాక ఎఫ్-1కి మారదామంటే, అమెరికాలో ఉండగా ఆ మార్పుకు చట్టం ఒప్పుకోదు. స్కూలు నచ్చలేదని మరో స్కూలుకు వెళ్దామన్నా, 6 నెలలు దాటితే మన చేతిలో లేని కారణం చూపాల్సిందే. ఇంటర్వ్యూలో మొత్తం కోర్సుకూ, అక్కడ ఉన్నన్నాళ్ల ఖర్చుకూ డబ్బు ఉందని చూపించాల్సింది కూడా ఎమ్-1 వాళ్లే. అందుకే స్కూల్లో ఎన్ని విమానాలున్నాయో అడిగేముందు, వీసాకు స్కూలు ఇచ్చే ఐ-20 పత్రం ఎమ్‌కు ఇస్తారా, ఎఫ్‌కు ఇస్తారా అని తల్లిదండ్రులు తప్పకుండా అడగాలి. అడ్వాన్సు కట్టాక అడిగితే లాభం లేదు.

అసలు ఐ-20 ఇచ్చే అధికారం అన్ని ఫ్లయింగ్ స్కూళ్లకూ లేదు. చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో ఒకే ఒక్క ఇన్‌స్ట్రక్టర్ ఎఫ్ఏఏ పార్ట్ 61 నిబంధనల కింద చక్కగా నేర్పుతుండవచ్చు, కానీ స్టూడెంట్ వీసాకు కావలసిన కాగితం ఆయన ఇవ్వలేరు. ఎఫ్ఏఏ పార్ట్ 141 సర్టిఫికెట్, దాంతోపాటు విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే ఎస్ఈవీపీ గుర్తింపు ఉన్న స్కూలు కావాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకొచ్చిందో తెలుసా? 2002 మార్చి 11న ఫ్లోరిడాలోని వెనిస్ పట్టణంలో హఫ్‌మన్ ఏవియేషన్ అనే ఫ్లయింగ్ స్కూలుకు వలస శాఖ నుంచి టపా వచ్చింది. ఇద్దరు విద్యార్థులకు ఎమ్-1 హోదా మంజూరైందని అందులో ఉంది. ఆ ఇద్దరి పేర్లు మహమ్మద్ అట్టా, మర్వాన్ అల్-షెహి. ప్రపంచ వాణిజ్య కేంద్రం మీదికి విమానాలు తోలిన ఈ ఇద్దరూ చనిపోయి అప్పటికి సరిగ్గా ఆరు నెలలు. మంజూరు అంతకుముందు వేసవిలోనే జరిగింది, స్కూలుకు కాగితాలు చేరడమే ఆలస్యం. అమెరికా అంతా భగ్గుమంది. విదేశీ విద్యార్థి ఎక్కడ చేరాడో, ఎప్పుడు మానేశాడో కంప్యూటర్లో కనిపించే సెవిస్ 2003లో అమల్లోకి వచ్చింది. మనవాళ్లు వీసా ఇంటర్వ్యూకు ముందు కట్టే 350 డాలర్లు ఈ సెవిస్ ఫీజే.

ఫ్లయింగ్ విద్యార్థికి ఇంకో గడప కూడా ఉంది. ఎంఎస్ చదివేవాళ్లకు దాని పేరే తెలియదు. విమానాశ్రయాల్లో బ్యాగులు తనిఖీ చేసే టీఎస్ఏ సంస్థే ఈ విద్యార్థుల వేలిముద్రలు తీసుకుని నేపథ్యం పరిశీలిస్తుంది. ఆ అనుమతి లేకుండా మొదటి లైసెన్సుకు గానీ, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు గానీ, మల్టీ ఇంజిన్ రేటింగ్‌కు గానీ శిక్షణ మొదలుపెట్టకూడదు. విద్యార్థి వచ్చిన రోజున స్కూలువాళ్లు ఫొటో తీసి పంపాలి, అనుమతి పొందిన మనిషీ ఎదురుగా ఉన్న మనిషీ ఒకరేనని తేలడానికి. 2024లో నిబంధనలు మార్చి, ఒకసారి చేసిన పరిశీలన 5 ఏళ్లు చెల్లేలా చేశారు. విద్యార్థుల నెత్తిన పెద్ద బరువు దిగింది.

2025 జూన్ నుంచి ఎఫ్, ఎమ్, జె వీసాల దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

అమెరికా బదులు ఆస్ట్రేలియా వెళ్తే అన్ని చదువులకూ ఒకటే వీసా, సబ్‌క్లాస్ 500. కోర్సు పేరు ప్రభుత్వ జాబితా క్రైకోస్‌లో ఉంటే చాలు. క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలు పని కూడా చేసుకోవచ్చు. కొంతైనా ఖర్చులకు వస్తుంది.

అమెరికా నుంచి తిరిగి వచ్చాక మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెక్క వేరు. పార్ట్ 141 కింద అమెరికా కమర్షియల్ లైసెన్సు 190 గంటలకే రావచ్చు, మన దగ్గర 200 గంటలు కావాలి. అందులో 100 గంటలు పైలట్-ఇన్-కమాండ్‌గా ఉండాలి. ఎయిర్ రెగ్యులేషన్స్ లాంటి పరీక్షలు మళ్లీ రాయాలి. ఆ తక్కువ పడే 10 గంటలు వీసా ఉండగా అక్కడే పూర్తిచేసుకుని రావడం మేలు. అన్నిటికన్నా ముందు, దరఖాస్తు ఫీజు కట్టకముందే, డీజీసీఏ క్లాస్ 1 మెడికల్ చేయించుకోవాలి. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే అది ఇక్కడే, ఇల్లు తాకట్టు పెట్టకముందే తెలుస్తుంది.