7.4 తెరపై మిగిలే ముద్ర: బర్న్-ఇన్

రోజంతా ఒకే వార్తా ఛానల్ నడిచే టీవీలో, ఛానల్ మార్చినా పాత లోగో ఛాయ మూలన లీలగా కనిపించడం మీరు గమనించే ఉంటారు. దీనినే బర్న్-ఇన్ అంటారు. పేరును బట్టి తెర కాలిపోయిందని అనుకోకండి. రోజూ అడుగు పడేచోటే మెట్టు అరిగినట్లు, తెరలో ఎక్కువ పనిచేసిన భాగం ముందుగా క్షీణిస్తుంది. క్షీణత అంతటా సమానంగా ఉంటే కంటికి తెలియదు. తేడా ఉన్నప్పుడే ముద్ర కనిపిస్తుంది.

7.4.1 సీఆర్‌టీ, ప్లాస్మా తెరలు

సీఆర్‌టీలో ఎలక్ట్రాన్ పుంజం, ప్లాస్మాలో అతినీలలోహిత కిరణాలు ఫాస్ఫర్ పూతను తాకి వెలుగు పుట్టిస్తాయి. ఒకే బొమ్మ చాలాకాలం నిలిచినచోట ఫాస్ఫర్ త్వరగా మందగిస్తుంది. దీన్ని నివారించడానికే స్క్రీన్ సేవర్లు వాడుకలోకి వచ్చాయి.

7.4.2 ఎల్‌సీడీ తెరలు

ఇక్కడ వెలుగు వెనకనున్న బ్యాక్‌లైట్ నుంచి వస్తుంది. ద్రవ స్ఫటికాలు దాన్ని అవసరమైనంత మేరకే బయటికి వదులుతాయి. ఒకే బొమ్మ ఎక్కువసేపు నిలిస్తే స్ఫటిక పొరలోని అయాన్లు ఒకవైపు పేరుకొని ఛాయ మిగలవచ్చు. అందుకే వోల్టేజి దిశను క్రమం తప్పకుండా మారుస్తుంటారు. తెరను కొంతసేపు ఆపితే ఈ ఛాయ సాధారణంగా పోతుంది. ఇది తాత్కాలికం.

7.4.3 ఓఎల్‌ఈడీ తెరలు

వీటిలో ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది. వెలుగునిచ్చే సేంద్రియ పదార్థం వాడేకొద్దీ క్షీణిస్తుంది. నీలం రంగుది మరింత త్వరగా క్షీణిస్తుంది. బొమ్మను కొద్ది పిక్సెళ్ల మేర జరపడం, క్షీణతకు తగినట్లు కరెంటును సర్దడం వంటి ఏర్పాట్లు తెరలోనే ఉంటాయి. ఇవి తేడాను కప్పిపుచ్చుతాయి కాని, పోయిన శక్తిని తిరిగి తేలేవు.

7.4.4 మీరు పాటించవలసినవి

ఫోనులో గంటల తరబడి పాఠాలు చదివేటప్పుడు వెలుగు తగ్గించుకోండి. తెర తానే ఆరిపోయే వ్యవధిని తక్కువగా పెట్టుకోండి. వాడిన ఫోను కొనేముందు తెర నిండా బూడిదరంగు బొమ్మ తెరిచి చూడండి. కీబోర్డు ఆకారమో, మీటల వరుసో కనిపిస్తే తొందరపడకండి. "కాసేపు ఆపితే పోతుంది" అని అమ్మేవారు చెబితే, అది ఏ రకం తెరో ముందు తెలుసుకోండి. ఎల్‌సీడీ అయితే ఆ మాట నిజం కావచ్చు. ఓఎల్‌ఈడీ అయితే ఆ ముద్ర మీ సొమ్ముతో పాటు మీకే మిగులుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తెర అంతటా సమానంగా క్షీణిస్తే ముద్ర ఎందుకు కనిపించదు?
2. ఎల్‌సీడీలో మిగిలే ఛాయకు, ఓఎల్‌ఈడీలో పడే ముద్రకు గల భేదమేమిటి?