పెదవి లోపల నీటి బుడగ: పగిలిపోయినా మళ్ళీ ఎందుకొస్తుంది?

ఈ రోజు టాపిక్ నా కింది పెదవి. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా.

నేను ఇంకా జాబ్ చేస్తున్న రోజులవి. రిలీజ్ దగ్గర పడితే పెదవి కొరుక్కునే అలవాటు నాకు బీటెక్ నుంచే ఉంది. ఒక రోజు అన్నం తింటుంటే అదే పెదవి గట్టిగా పంటి కింద పడింది. నాలుగైదు రోజులకి లోపలి వైపు శనగ గింజంత బుడిపె లేచింది. నొప్పి లేదు. మెత్తగా, లేత నీలం రంగులో, లోపల నీళ్ళున్నట్టుంది. వారానికి దానంతట అదే పగిలి జిగటగా ఏదో వచ్చింది. హమ్మయ్య, పోయింది అనుకున్నా. రెండు వారాల్లో మళ్ళీ అక్కడే!

మూడోసారి నేనే సూదితో పొడిచా. దయచేసి ఆ పని మీరు చేయకండి, ఇన్ఫెక్షన్ వస్తుంది. అమ్మేమో "వేడి చేసిందిరా, మజ్జిగ తాగు" అంది. రాత్రి రెండింటికి ఫోన్‌లో వెతికితే ఏ పేజీ చూసినా క్యాన్సర్ దగ్గరికే తీసుకెళ్ళింది. మా పెదనాన్న ఏళ్ళ తరబడి గుట్కా నమిలి, నోటి క్యాన్సర్‌తోనే పోయారు. అందుకే ఆ మాట చదవగానే చేతులు వణికాయి. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రెండు నెలలు నాన్చా.

చివరికి ఇంటి దగ్గర క్లినిక్‌కి వెళ్తే, చిన్న గాటు పెట్టి ద్రవం తీసేసి పంపించారు. ఇరవై రోజుల్లో తిరిగొచ్చింది. ఆ తర్వాత కలిసిన ఓరల్ సర్జన్ మేడమ్ వేలితో నొక్కి చూసి, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. దీని పేరు మ్యూకోసీల్.

మనకి పెద్ద లాలాజల గ్రంథులు మూడు జతలు ఉంటాయి. అవి కాకుండా పెదవులు, బుగ్గలు, అంగిలి లోపల చిన్న చిన్నవి వందల్లో ఉంటాయి. లాలాజలం బయటికి రావడానికి ఒక్కోదానికి సన్నని గొట్టం. పన్ను పడి ఆ గొట్టం తెగిందనుకోండి, గ్రంథి మాత్రం పని ఆపదు. తయారైన జిగురు నోట్లోకి వచ్చే దారి లేక లోపలే కారి, బుడగ కడుతుంది. బుడగ పగిలితే జిగురే పోతుంది. దాన్ని తయారుచేసే గ్రంథి అక్కడే ఉంది కాబట్టి మళ్ళీ నిండుతుంది.

నాకు అప్పుడు వెలిగింది. ఆఫీసులో సర్వర్ డిస్క్ నిండినప్పుడల్లా లాగ్ ఫైల్స్ డిలీట్ చేసి చేతులు దులుపుకునేవాళ్ళం. వాటిని ఆపకుండా రాస్తున్న బగ్ జోలికి ఎవరూ పోయేవాళ్ళు కాదు. నా పెదవి విషయంలో నేను చేసింది కూడా అదే!

చిన్నవి కొన్ని వాటంతట అవే మానిపోతాయి. మళ్ళీ మళ్ళీ వచ్చేదాన్ని మాత్రం ఆ గ్రంథితో సహా తీసేయాలి. నాకు పెదవికి మత్తు ఇంజక్షన్ ఇచ్చి అరగంటలో పని ముగించారు, మూడు కుట్లు. ఆ ఇంజక్షన్ ఒక్కటే నొప్పి. నాలుగు రోజులు పెరుగన్నం, కారం బంద్. అక్కడ కొన్నాళ్ళు తిమ్మిరిగా అనిపించింది, తర్వాత తగ్గింది. ఆపరేషన్ తర్వాత కూడా కొందరికి తిరిగి రావచ్చని మేడమ్ ముందే చెప్పారు. తీసిన ముక్కని బయాప్సీకి పంపారు. ఆ రిపోర్ట్ కోసం ఆగిన వారం రోజులు ఉద్యోగం మానేసినప్పుడు కూడా అంత టెన్షన్ పడలేదు. రిపోర్ట్‌లో మ్యూకోసీల్ అనే వచ్చింది.

ఇలాంటిదే నాలుక కింద వస్తే రానులా అంటారు. లాటిన్‌లో కప్పకి సంబంధించిన పేరు, చూడ్డానికి కప్ప పొట్టలా ఉబ్బి ఉంటుందని. డాక్టర్లకి కూడా పేర్లు పెట్టడం సరదానే.

కానీ నోట్లో వచ్చే ప్రతి బుడిపే మ్యూకోసీల్ కాదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. గట్టిగా ఉండి పెరుగుతున్నా, రక్తం వస్తున్నా, పుండు రెండు వారాలు దాటినా మానకపోయినా, తెల్ల లేదా ఎర్ర మచ్చలున్నా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా ఆలస్యం చేయొద్దు. పై పెదవి లోపల గడ్డ వస్తే ఇంకా జాగ్రత్త, మ్యూకోసీల్ అక్కడ అరుదు. గుట్కా, ఖైనీ వాడేవాళ్ళు అసలు ఆగకూడదు. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ తెస్తుంది.

ఇంకో మాట. మనం డాక్టర్ దగ్గరికి వెళ్ళే రోజుకి సరిగ్గా అది పగిలిపోయి ఉంటుంది, చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే వచ్చిన ప్రతిసారీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. వెలుతురు కోసం కిటికీ దగ్గర నిలబడండి. తేదీ ఫోన్‌లో ఎలాగూ ఉంటుంది. ఖర్చుకి భయపడి ఆగుతున్నవాళ్ళకి హైదరాబాద్‌లో, విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. ఓపీలో ఓరల్ సర్జరీ విభాగం ఎక్కడో అడగండి, ఆ ఫొటోలు చూపించండి.