సంగటి చవకే, ఖర్చంతా పొయ్యి దగ్గరే

కోలారు జిల్లాలో పేదలకు మంచి తిండి దొరకదని ఎవరూ అనలేరు. రాగులు ఈ నేల పంట. చలికాలం వస్తే సంతల నిండా అనపకాయలే. టమాటా మార్కెట్టు సంగతి దేశమంతటికీ తెలుసు. సంగటి, పక్కన ఆకుకూర పప్పు: చక్కెర జబ్బు వచ్చాక డాక్టరు తినమనేదీ ఇదే. మరి ఈ జిల్లాలోని బంగారు గనుల పట్నం కేజీఎఫ్‌లో సాయంత్రమైతే బోండాలు, పరోటాలు ఎందుకంత అమ్ముడుపోతాయి? బద్ధకం అంటారు కొందరు. సంత ధర ఒక్కటే చూసి చెప్పే మాట అది.

ముందు నీళ్ల సంగతి. ఏడాదంతా పారే నది ఈ జిల్లాకు లేదు. వెయ్యి అడుగులు దాటిన బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్. కాస్తే అది పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. అందుకే తాగడానికే కాదు, వంటకూ క్యాను నీళ్లు కొనాలి. పోనీలే అని ఉప్పునీళ్లే పోస్తే పప్పు ఒక పట్టాన ఉడకదు, సిలిండరు మాత్రం త్వరగా అయిపోతుంది.

గనులు నడిచిన రోజుల్లో పాలారు మీది బేతమంగల నీళ్లను తెచ్చే భారం కంపెనీది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. ఆ తర్వాత ఊరి జనం పని కోసం బెంగళూరు బాట పట్టారు. సుమారు వంద కిలోమీటర్లు. మారికుప్పం నుంచి తెల్లారకముందే రైలెక్కి, చీకటిపడ్డాక దిగేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఇళ్లు, ఆఫీసులు ఊడ్చే ఆడవాళ్లూ ఉన్నారు. ఆ వేళకు ఇల్లు చేరిన మనిషిని పితికిపప్పు చేయమనండి చూద్దాం! అనపగింజలు ఒలవాలి, నానబెట్టాలి, ఒక్కొక్క గింజనూ పితికి తొక్క తీయాలి. రుచికి తిరుగులేదు గానీ ఆ గంటలకు కూలి ఎవరిస్తారు? 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు పెట్టేది 88.

ఇక ధరల సంగతి. టమాటాకు పుట్టిల్లులాంటి కోలారులోనే 2023 జులైలో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటింది. ధర పడిపోయినప్పుడు రైతు రోడ్డు మీద పారబోస్తాడు. పావుకిలో కొనే ఇంటికి ఫ్రిజ్ లేదు కనక చవక రోజుల్లో కొని దాచుకునే వీలూ లేదు. పిల్లలు కొత్త కూర ముట్టకపోతే ఆ పూట డబ్బు, గ్యాసు, శ్రమ అన్నీ వృథా. బోండాతో ఆ భయం లేదు.

అందుకే పోషకాహార పాఠాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. వండే భారాన్ని ఇంకొకరు పంచుకున్నచోటే తిండి మారుతోంది. 2024 ఫిబ్రవరి నుంచి కర్ణాటక ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు పాలల్లో రాగిమాల్ట్ కలిపి ఇస్తున్నారు. దానికోసం ఏ తల్లీ పొయ్యి వెలిగించక్కర్లేదు. పెద్దలకూ ఇలాంటిదే కావాలి. 2017లో బెంగళూరులో మొదలైన ఇందిరా క్యాంటీన్లలో భోజనం పది రూపాయలే. రాత్రి రైలు దిగేవాళ్లకు మారికుప్పంలోనే ఆ ధరకు వేడి సంగటి, ఆకుకూర పప్పు పెట్టాలి. వంటకు పనికొచ్చే నీళ్లు ఇంటి కుళాయికి రావాలి. ఈ రెండూ ప్రభుత్వం చేయాల్సిన పనులు.